నాచు చక్కెర

"ఆ సీసా నువ్వు బయటికి తెస్తావా వదినా, లేకుంటే నేనే తెచ్చి గుంతలో పోసేదా?"

పట్టుపురుగుల షెడ్డు గడపలో నిలబడి అరుస్తున్నాడు నాగేశ్. చేతిలో వెదురు తట్ట. నిన్నటిదాకా వేలంత లావున తెల్లగా ఉండి, కరకరమని ఆకు మేసిన పురుగులు ఈ పొద్దు ఆ తట్టలో మెత్తబడి, నల్లబడి, వాసన కొడుతున్నాయి. నాలుగో జ్వరం దాటిన పురుగులవి. మేత మాని, కదలకుండా పడుకుని, పాత చర్మం విడిచి లేవడాన్నే ఆ పక్క జ్వరమంటారు. అన్ని జ్వరాలూ దాటి, గూడు కట్టే ముందు చచ్చిపోయాయి.

చైత్ర అరుగు మీద నిలబడి వింటోంది. బెంగళూరు ల్యాబు నుంచి వస్తూ ఆ సీసా తెచ్చి, చల్లగా ఉంటుందని షెడ్డులో పెట్టింది ఆమే. భర్త నందీశ్ పోయినప్పటి నుంచి ఆమెకు మాట రావడానికి కొంచెం ఆలస్యమవుతోంది. ఎదుటివాళ్ళు అడిగింది ముందు చెవికి, తర్వాత ఎక్కడికో పోయి, ఆ తర్వాత నోటికి వస్తున్నట్టుంటుంది.

"అవి సముద్రం బ్యాక్టీరియా నాగేశా. ఉప్పు లేకుంటే బతకవు. నీ పురుగుల జోలికి రావు."

"ఉప్పేసి సాకతా ఉండావు కదా! మరి బతికే ఉండాయి కదా!"

"సీసాలో."

"సీసాకి మూత యాడుండాది? దూది కుక్కినావు. దూదిలో గాలి దూరదా?"

దూరుతుంది. గాలి దూరడానికే ఆ దూది. గాలి దూరినా క్రిమి దూరదని చెప్పాలి, ఎందుకు దూరదో చెప్పాలి. అన్ని మాటలు పోగు చేసుకునే ఓపిక చైత్రకు లేదు. ఊరుకుంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టని నాగేశ్ లెక్క.

నాగేశ్ భార్య చంద్రిక బావి దగ్గర కూర్చుని ఖాళీ తట్టలను బ్లీచింగ్ నీళ్ళతో రుద్దుతోంది. "నేనేమన్నా అన్నానా? ఒక్క మాటన్నా అన్నానా?" అంది, ఎవరూ అడగకుండానే. ఒక్క మాట కూడా అనలేదని చెప్పడానికి పొద్దుటినుంచి ఆమె వంద మాటలు అంది.

"అనాల్నంటే అను. నోట్లో పెట్టుకోని నమలద్దు," అంది అత్త చిన్నవెంకటమ్మ.

"నేనేమనేది అత్తా? పురుగులు జ్వరంలో పండుకోనుంటే బయటోళ్ళే షెడ్డులోకి పోకూడదంటారు. ఊరంతా అదే ఆచారం. అక్క ఆ సీసా కోసం దినామూ పోయె, వచ్చె. బయటోళ్ళే పోకూడదంటే, ఇంగ..."

"ఇంగ?"

చంద్రిక తట్ట తిరగేసి వెనకవైపు రుద్దింది. ఆ 'ఇంగ' తర్వాత వచ్చే మాట ముంగిట్లో ఉన్న అందరికీ తెలుసు. మొగుడు పోయి నెల తిరిగిన ఆడది. ఆ మాట ఎవరూ అనలేదు. అనకపోవడం కూడా ఒక మర్యాదేనని ఆ ఇంట్లో నమ్మకం.

చైత్రకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూసింది కూడా. రాలేదు.

మామ చెన్నరాయప్ప చచ్చిన పురుగునొకదాన్ని అరచేతిలో పెట్టుకుని నొక్కి చూశాడు. "సప్పెరోగం," అన్నాడు. "నందీశు నెల తిథి పొద్దు వాన పడింది. అందరూ వంటల్లో ఉంటిరి. తడి ఆకు ఆరబెట్టకుండా ఏసినారు. ఎవరేసినారో నేనడగను."

చంద్రిక చేతిలో చీపురుపుల్ల ఆగింది. నాగేశ్ తట్టను కింద పెట్టి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంతసేపూ సీసా మీద పడి అరిచినవాడు, ఇప్పుడు పెళ్ళాం వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాడు.

"అయినా సీసా ఈడొద్దమ్మా," అన్నాడు చెన్నరాయప్ప, చైత్ర వైపు తిరిగి. "తప్పు ఎవురిదైనా షెడ్డు కడగాల్సిందే, బ్లీచింగ్ కొట్టాల్సిందే. లోపల ఏదీ ఉండకూడదు. పారబోసేయ్. బెంగళూరులో ఇంకోటి ఉండాదంటివి కదా?"

"ఉండె మామా."

"ఉండె అంటే?"

"ల్యాబులో ఫ్రీజరు పాడయిందంట. జలజ మేడమ్ పొద్దున ఫోన్ చేసింది. గడ్డకట్టి దాచిపెట్టినవన్నీ కరిగి పోయినాయి. ఒక్కటీ లేవలే." చైత్ర ఆ సంగతిని బస్సు తప్పిపోయిందని చెప్పినట్టే చెప్పింది. "ఇప్పుడుండేది ఇదొక్కటే. రేపు పొద్దున ఆమే కారులో వచ్చి తీసుకపోతాది."

చిన్నవెంకటమ్మ అరుగు దిగింది. "ఇది కూడా పోతే వాని పేరు?"

"పెట్టేదానికి కుదరదు అత్తా. కొత్తగా దొరికినదానికి పేరు పెట్టాల్నంటే, బతికుండేది రెండు దేశాల్లో దాచిపెట్టాల. లేకుంటే ఆ పేరు చెల్లదు."

భార్యాభర్తలిద్దరూ పనిచేసే ల్యాబుకు పెద్ద, నెల తిథికి వచ్చిన జలజ మేడమ్, విస్తళ్ళ ముందు కూర్చున్న సుగటూరు జనమంతా వింటుండగా చెప్పింది. నందీశ్‌కు మంగళూరు దగ్గర సముద్రంలో దొరికిన బ్యాక్టీరియా లోకంలో ఎవరూ చూడనిదని, దానికి నందీశ్ పేరే పెడతామని. మళ్ళీ నీళ్ళ నమూనాల కోసమని వెళ్ళి, తిరిగి వస్తూ ఘాటులో జీపు బోల్తాపడి పోయాడు నందీశ్. బిడ్డలు లేరు. ఆ మాట విన్న దగ్గర్నుంచి చిన్నవెంకటమ్మ పాలు పోయడానికి వచ్చినవాళ్ళకూ, కోలారు మార్కెట్టుకు టమాటా తీసుకుపోయేవాళ్ళకూ చెప్తూనే ఉంది. బిడ్డలు లేకుంటేనేమి, భూమి ఉన్నంతకాలం నా కొడుకు పేరు సముద్రంలో ఉంటాదని.

ఆమె కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో ముంచి షెడ్డులోకి పోయింది. సీసాను కొంగులో పట్టుకుని బయటికి వచ్చింది.

"యా గుంతలో పోస్తావురా దీన్ని?" అంది నాగేశ్‌తో. "పోసేది చూస్తాను."

నాగేశ్ దారి ఇచ్చాడు.

* * *

దేవుని గదిలో నందీశ్ ఫోటో పక్కన గూట్లో పెట్టారు సీసాను. ఎండ తగలదు, చల్లగా ఉంటుంది. అడుగున కొంచెం మసకగా, పైన తేటగా, గంజి వార్చిన తర్వాత గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. చూసేవాళ్ళకు అందులో ఏమీ కనబడదు.

మధ్యాహ్నం చైత్ర అక్కడే నేల మీద కూర్చుని ఉంటే చిన్నవెంకటమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు సీసా వైపే చూసింది.

"ఇది ఏం తింటాది?"

"చక్కెర అత్తా."

"మనం తినేదేనా?"

"కాదు. నాచు చేసే చక్కెర. సముద్రంలో నాచు ఉంటాది కదా, అది నీళ్ళలో కరిగిన గాలి నుంచి కార్బన్ తీసుకోని, ఎండ తీసుకోని చక్కెర చేసుకుంటాది. మన రాగి చేను చేసుకున్నట్లే. ఆ నాచు సచ్చినాక దాని చక్కెరని ఇవి తింటాయి."

"తిని?"

"తిని కొంచెం ఊపిరిగా వదిలేస్తాయి. అది మళ్ళా గాల్లోకి పోతాది. కొంచెంతో ఒళ్ళు పెంచుకుంటాయి. ఇంకొంచెం జిగటగా మిగిలిపోయి, సముద్రం అడుక్కి పోయి కూర్చుంటాది. వందల ఏండ్లు అట్లే ఉంటాది."

"అడుక్కి పోయింది మళ్ళా పైకి రాదా?"

"శానా కాలం రాదు."

చిన్నవెంకటమ్మ తలాడించింది. ఆ సంగతి తనకు ముందే తెలిసినట్టు.

"మీ కొడుక్కి దొరికిన దీనికి ఒక గుణముంది అత్తా," అంది చైత్ర. ఈ మాటలు మాత్రం ఆమెకు వెతుక్కోకుండా వస్తాయి. ఆయన నోట ఎన్నిసార్లో విన్నవి. "సుళువుగా అరిగే చక్కెరా, గట్టి చక్కెరా రెండూ పెడితే ముందు సుళువైంది తింటాది. అది అయిపోతే ఊరికే ఉంటాది. తినదు, పెరగదు. మొదటిసారి ఇది సచ్చిపోయిందని నేను పారబోయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు."

"సచ్చిపోలేదా?"

"లే. గట్టి చక్కెరని కోసేదానికి లోపల కత్తులు చేసుకుంటా ఉంటాది. కోతకు ముందు కొడవళ్ళు నూరుకోరా, అట్ల. అన్నీ తయారైనాక మళ్ళా మొదలుపెడతాది. వేరేవి తొందరగా లేస్తాయి. దీనికి దినాలు పడతాది. దీనికోసం ఆయన ఎంతెంతసేపు కూర్చునుండేదో."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఊరికే ఉండాది."

"ఆకలితోనా?"

బ్యాక్టీరియాకు ఆకలి ఉంటుందా? నందీశ్ ఉంటే దాని మీద ఒక పూట వాదించేవాడు. చైత్రకు వాదం లేదు, ఓపిక లేదు.

"అట్లనే అనుకో అత్తా."

బయట నాగేశ్ షెడ్డుకు బ్లీచింగ్ కొడుతున్నాడు. ఆ వాసన దేవుని గదిలోకి కూడా వచ్చి, అగరొత్తుల వాసనను తినేసింది.

"నువ్వు ఏడవలేదని ఊరంతా అనుకుంటా ఉండాది," అంది చిన్నవెంకటమ్మ.

"తెలుసు అత్తా."

"నేనూ అనుకున్నాను."

చైత్ర నేల మీద పడిన పసుపును వేలితో ఒక పక్కకు తోసింది. "మా అమ్మ ఏడవనిచ్చేది కాదు," అంది.

చైత్ర పుట్టి పెరిగింది కె.జి.ఎఫ్‌లో, చాంపియన్ రీఫ్స్ లైను ఇళ్ళలో. తండ్రి గనుల ఆఫీసులో గుమాస్తా. తాత మాత్రం భూమి లోపలికి దిగిన మనిషి.

"గనిలో ఏమన్నా అయితే సైరను కూత కూస్తారు. ఆడోళ్ళంతా షాఫ్టు కాడికి పరిగెత్తేది. మనుషుల్ని దించే కేజి పైకి వచ్చేదాకా ఎవురూ ఏడవకూడదంట. లోపల బతికుండే మనిషికి ముందే ఏడిస్తే వాని ఆయుష్షు తీసినట్లంట. తెలిసేదాకా ఏడవకూడదని మా అవ్వ మా అమ్మకు చెప్పె. మా అమ్మ నాకు చెప్పె. గనులు మూసేసినాక కూడా చెప్తానే ఉండె."

"వాణ్ణి నువ్వు చూసినావు కదమ్మా. ఆసుపత్రిలో నువ్వే కదా చూసింది."

"చూసినాను."

"మరి తెలిసింది కదా."

చూసింది నిజం. తెల్లగుడ్డ తొలగించి చూపించారు, అవునని తలాడించింది, సంతకం పెట్టింది. అదంతా ఇంకెవరి పనో తాను చేసిపెట్టినట్టే ఉంది. ఆమె కేజి ఇంకా పైకి రాలేదు.

"నువ్వన్నా చూసినావు," అంది చిన్నవెంకటమ్మ, గూటి వైపు తిరిగి. "నన్ను తీసకపోలే. వస్తానంటే నాగేశు వద్దనె. ఫోన్లో నువ్వూ వద్దంటివి. నేను తట్టుకోలేనని మీకు మీరే అనుకుంటిరి. మూట కట్టి తెచ్చి ముంగిట్లో దించితిరి. ముఖం మాత్రం చూపించితిరి. వాని చేతులు కూడా నేను చూడలే."

అత్త లేచి, మోకాళ్ళు పట్టుకుని, వంటింట్లోకి పోయింది.

* * *

పొద్దున జలజ మేడమ్ కారు ముంగిట్లో ఆగేసరికి చెన్నరాయప్ప పాలు పిండి వస్తున్నాడు. నాగేశ్ కడిగిన తట్టలను ఎండకు వాల్చుతున్నాడు. మేడమ్ దిగగానే అడిగిన మొదటి మాట, "ఎక్కడుందమ్మా?"

"తెస్తాను మేడమ్," అని చైత్ర దేవుని గదిలోకి పోయింది.

దీపం వెలుగుతోంది. గూట్లో సీసా పాలలా తెల్లబడి ఉంది. పైన నురగ కట్టింది. నురగ దూదిని తడిపి, ఒక పక్కకు ఎత్తింది. పులిసిన అంబలి వాసన. అందులోనే తీపి వాసన. సీసా ముందు విస్తరాకు ముక్క మీద రెండు మెతుకులు, ఒక చెంచా, అడుగున బెల్లం రంగు నీళ్ళున్న గ్లాసు. పోయినవాళ్ళకు పెట్టే ఎడ. నెల తిథికి ఫోటో ముందు పెట్టినట్టే, ఇప్పుడు సీసా ముందు పెట్టారు.

"చూసినావా!" వెనక నుంచి చిన్నవెంకటమ్మ గొంతు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని నిలబడి ఉంది. నెల రోజులుగా ఆ ముఖంలో లేని వెలుగు ఉంది. "తినింది చూడమ్మా! నిన్న వట్టి నీళ్ళ మాదిరి ఉండె. ఎట్ల పొంగిందో చూడు."

"ఏం పెట్టినావు అత్తా?"

"పానకం. వానికి చిన్నప్పటి నుంచీ పానకమంటే ప్రాణం కదా. ఆకలని నువ్వే అంటివి. నిన్న దీపం పెట్టే పొద్దుకు ఎడ పెట్టి, రెండు చెంచాలు లోపల పోసినాను. చేతులు బ్లీచింగ్ నీళ్ళతో కడుక్కున్నాలే. చెంచా ఉడకబెట్టినాను. ఇన్నేండ్లుగా పురుగులు సాకిన చేతులివి, శుభ్రం నాకు తెలీదా?"

చేతులు శుభ్రమే. చెంచా శుభ్రమే. బెల్లంతో, కుండ నీళ్ళతో ఏమేమి వచ్చాయో ఆ సీసాలో అవన్నీ పండగ చేసుకుంటున్నాయి. ఒక్క పూటలో ఇంత పొంగింది నందీశ్‌ది కాదు. అది అంత తొందరగా లేచేది కాదు. 'అట్లనే అనుకో అత్తా' అన్న తన మాట చైత్రకు గుర్తొచ్చింది. రెండు ముక్కలు వివరంగా చెప్పడానికి బద్ధకించింది తను.

జలజ మేడమ్ చెప్పులు విప్పి గడపలోకి వచ్చింది. సీసా వైపు చూసి అక్కడే ఆగిపోయింది.

"ఎవరు తెరిచారు?"

"నేనే మేడమ్," అంది చైత్ర. "నేనే తెరిచినాను."

"నువ్వా? నువ్వు తెరిచి..."

"అదేంది చైత్రా, అట్ల చెప్తావు?" చిన్నవెంకటమ్మ ముందుకు వచ్చింది. "నేను పెట్టినానమ్మా. నా బిడ్డకి నేను పెట్టుకున్నాను. వాడు పోయిన పొద్దు నాకు చూపించకుండా అన్నీ మీరే చేసుకుంటిరి. ఈ పెట్టిందీ నువ్వేనంటావా?"

నాగేశ్ తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలి వాసన అతనికి తెలిసిన వాసనే. నిన్న తట్టల నిండా అదే. "అమ్మా..." అని, అరవడానికే పుట్టిన మనిషి, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు.

చిన్నవెంకటమ్మ కొడుకు ముఖం చూసింది. మేడమ్ ముఖం చూసింది. చివరికి కోడలి ముఖం చూసింది. ఆమె ముఖంలోని వెలుగు మెల్లగా పోయింది.

"పెట్టకూడదా?" అంది.

చైత్ర ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంక అబద్ధం చెప్పి లాభం లేదు. నిన్నటిలా బద్ధకించీ లాభం లేదు.

"పొంగింది వేరేది అత్తా. బెల్లం నీళ్ళతో వచ్చినవి. అవి శానా తొందరగా పెరుగుతాయి. మనది వాటి కింద ఉండాదో లేదో తెలీదు."

"తెలీదంటే? సచ్చిపోయిందా?"

"తెలీదు అత్తా."

జలజ మేడమ్ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు కోపం వచ్చి ఉంటే అది ముఖం మీదికి రాకముందే మింగేసింది. "వట్టి నాచు చక్కెర మాత్రం పెట్టి, ఇంకేమీ పెట్టకుండా ఉంచి చూడాలి," అంది, తనలో తాను అనుకున్నట్టు. "అది తినడం చేతకానివి పస్తుండి పోతాయి. నందీశ్‌ది ఉంటే, అదొక్కటే లేస్తుంది. ఉంటే."

"ఎంతసేపట్లో తెలుస్తాది?" అంది చిన్నవెంకటమ్మ.

"సేపు కాదమ్మా. రోజులు పడుతుంది. అది నెమ్మది మనిషి." మేడమ్ నాలుక కరుచుకుంది. 'మనిషి' అన్నది ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

చిన్నవెంకటమ్మ గూట్లోంచి సీసా తీసుకుంది. నురగ వేళ్ళ మీదికి కారింది. తుడుచుకోలేదు. సీసాను ఒడిలో బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, దేవుని గది దాటింది, నడవా దాటింది, ముంగిట్లోకి దిగింది. కారు తలుపు దగ్గర నిలబడి, "ఇది ఎట్ల తెరిచేదప్పా?" అని డ్రైవరును అడిగింది.

"యాడికమ్మా?" నాగేశ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏడాది తిరక్కుండా గడప దాటతారా? ఊళ్ళో ఏమనుకుంటారు? వదినది ల్యాబు పని కాబట్టి పోతాది, చూసి ఫోన్ చేస్తాది. నువ్వు తట్టుకోలేవు."

"ఆ పొద్దూ ఇదే మాట చెప్తివి."

నాగేశ్ తండ్రి వైపు చూశాడు. చెన్నరాయప్ప పాల క్యాను చేతిలో పట్టుకునే ఉన్నాడు. "పోనీరా," అన్నాడు. "తలుపు తియ్యి."

నాగేశ్ తలుపు తీశాడు. బావి దగ్గర నుంచి చంద్రిక లేచి వచ్చి, ఒక్క మాటా అనకుండా, ఉతికిన తువ్వాలు తెచ్చి అత్త ఒళ్ళో సీసా కింద పరిచింది. నిజంగానే ఒక్క మాటా అనలేదు.

చైత్ర పక్కన ఎక్కి కూర్చుంది. ముందు సీట్లో జలజ మేడమ్ ఎవరికో ఫోను చేసి, ప్లేట్లు సిద్ధం చెయ్యమని, నాచు చక్కెర తప్ప ఇంకేదీ వెయ్యకూడదని పదేపదే చెప్తోంది. కారు సుగటూరు దాటి కోలారు రోడ్డెక్కింది. టమాటా లారీలు ఎదురొస్తున్నాయి. గతుకు వచ్చిన ప్రతిసారీ చిన్నవెంకటమ్మ మోకాళ్ళు దగ్గరికి తీసుకుని సీసాను కాపాడుతోంది.

"ఉండాడో లేడో నా ముందరే చెప్పాల," అంది. "మూట కట్టి తెచ్చి చూపించేది వద్దు."

"నీ ముందరే చెప్తారు అత్తా."

కొంతదూరం పోయాక చిన్నవెంకటమ్మ సీసా మీది నుంచి చూపు తీసి కోడలి వైపు తిరిగింది. నురగతో తడిసిన చేతిని కొంగుకు తుడుచుకుని, ఆ చేత్తో చైత్ర గడ్డం పట్టుకుంది.

"ఏడవద్దమ్మా," అంది. "తెలిసేదాకా ఏడవకూడదని నువ్వే కదా చెప్పింది."

చైత్ర చెంప తడుముకుంది. తడిగా ఉంది.